ముట్టని సగం

కంఠేశ్వర్‌లోని ఆ ఇంట్లో పన్నెండేళ్లపాటు పొద్దున ఆరింటికి పొయ్యి మీద రెండు గిన్నెల్లో చాయ్ మరిగేది. ఒక గిన్నెలో అల్లం ఉండేది, రెండోదాంట్లో ఉండేది కాదు. రెండూ ఒక్క మనిషికే. గంగామణి మరిది ధనుంజయ్ అరుగు మీద కూర్చుని, అల్లం చాయ్ ఒక గుక్క, ఉత్త చాయ్ ఒక గుక్క తాగి, లెక్క తేలని పంతులులా కళ్లు మూసుకునేవాడు. నిరుడు వానకాలంలో ధనుంజయ్ పోయాడు. నిద్రలోనే, ఎవరినీ లేపకుండా. ఇప్పుడు ఆ పొయ్యి మీద ఒక్కటే గిన్నె. అందులో అల్లం వెయ్యాలో వద్దో గంగామణికి ఏ పొద్దుకాపొద్దు తేలదు.

ధనుంజయ్‌కు ఉన్నది ఒకటే జబ్బు. ఏ పని చేసినా సగం చేసి, సగం ముట్టకుండా వదిలేసేవాడు. బద్ధకం అనుకునేరు, కాదు. ఆ వదిలేసిన సగానికి కాపలా కూడా ఉండేవాడు. ఎవరైనా పొరపాటున దాన్ని పూర్తి చెయ్యబోతే లబలబలాడేవాడు.

"ముట్టనిది ఒకటి ఉండాలె వదినా! అది లేకుంటే ముట్టినదాని సంగతి ఎట్ల తెలుస్తది?"

భీమ్‌గల్‌లో దగ్గరివాళ్ల పెళ్లికి మీసానికి రంగు వేసుకుని వచ్చాడు. కుడి పక్క మీసానికి మాత్రమే. కుడి నుంచి చూస్తే పెళ్లికొడుకు స్నేహితుడు, ఎడమ నుంచి చూస్తే పెళ్లికొడుకు తాత. ఫొటోగ్రాఫర్ రెండుసార్లు కళ్లు తుడుచుకుని, "సార్, జెర గిటు తిరగండి, కాదు కాదు, గటు తిరగండి" అని మెడ విరిగేదాకా తిప్పాడు. గంగామణి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె పెనిమిటి నర్సింలుకు మాత్రం నవ్వు రాలేదు.

"ఏందిర గిది? మంది నవ్వుతున్నరు!"

"డబ్బా మీద దురద పెట్టదని రాసిండ్రు అన్నా. రెండు దిక్కుల పూస్తే, రేపు దురద పుడితే రంగుతోని పుట్టిందో చెమటతోని పుట్టిందో ఎట్ల చెప్తవ్?"

"దురద పుట్టిందా మరి?"

"పుట్టింది. ఎడమ దిక్కు."

మోకాళ్ల నొప్పులకు ఎవరో నూనె ఇస్తే ఒక్క మోకాలికే రాశాడు. పది రోజులకు నూనె రాయని మోకాలు బాగై, రాసిన మోకాలు గుమ్మడికాయలా ఉబ్బింది. డాక్టరు ఇంకో నూనె రాసిస్తే, ఉబ్బిన మోకాలిని చాపి, "ఇప్పుడు దీంట్ల సగం ఎట్ల చేద్దాం సార్?" అని అడిగాడు. డాక్టరు అప్పటి నుంచి అతని చీటీ వస్తే కాంపౌండరును పంపేవాడు.

పెళ్లి చేసుకోలేదు. ఏళ్ల తరబడి సంబంధాలు తెచ్చి తెచ్చి నర్సింలు ఒకనాడు విసిగిపోయాడు.

"అసలు చేస్కుంటవా, చేస్కోవా? ఒక్క మాట చెప్పు!"

"ఒకే తల్లి కడుపున ఇద్దరం పుట్టినం అన్నా. నువ్వు చేస్కున్నవ్, నేను చేస్కోలే. ఇరవై ఏండ్లసంది పక్కపక్కన పెట్టి సూస్తున్న. ఇప్పటిదాంక అయితే నాదే మంచిగున్నది."

గంగామణి వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది. "అయితే ఆ మంచిగున్నోడు ఇయ్యాల తన అన్నం తనే వండుకోవాలె!" ధనుంజయ్ వెంటనే నోట్‌బుక్ తీసి, రెండో పక్క కూడా మంచిదేనని రాసుకున్నాడు.

అన్నీ నవ్వులాటలే అయిన ఆ ఇంట్లో ఒక్క మాట మాత్రం వస్తే గంగామణి లేచి అవతలికి పోయేది. ఆ మాట గ్రహణం.

అది పంతొమ్మిది వందల ఎనభై నాటి సంగతి. అప్పుడు కాపురం బోధన్ పక్క పల్లెలో. ఊరి చుట్టూ చెరకు, గాలి నిండా బెల్లం వాసన. గంగామణికి పంతొమ్మిదేళ్లు, రెండో నెల. ఫిబ్రవరిలో పట్టపగలు సూర్యగ్రహణం పట్టింది. ఊరంతా తలుపులు వేసుకుంది. కడుపుతో ఉన్న కోడలిని అత్త హన్మవ్వ చీకటి అర్రలో కూర్చోబెట్టి, "కత్తి ముట్టకు, గీటు గియ్యకు, ఒళ్లు గోక్కోకు" అని చెప్పి పోయింది. అరగంటకు కిటికీ కిందినుంచి పద్నాలుగేళ్ల ధనుంజయ్ చొక్కాలో చెరకు ముక్క దాచుకుని దూరాడు. చిర్రగోనె ఆటలో కర్ర తగిలి ముందు పన్ను ఊగుతోంది, చెరకు గడ కొరకలేడు. గ్రహణం పూట ఎవరూ తినరాదు గనక ఆకలి రెండింతలైంది.

"వదినా, రెండు కణుపులు చీరియ్యవా. ఒట్టు, ఎవలకు చెప్ప."

గంగామణి కత్తిపీట ముందుకు జరుపుకుని చీరి ఇచ్చింది. ఆ టకటక చప్పుడుకు హన్మవ్వ తలుపు తీసేసరికి పిల్లవాడు కిటికీ దూకేశాడు. కోడలు ఒక్కతే, ఒడిలో చెరకు పొట్టు, ముందర కత్తి.

సెప్టెంబరులో జమున పుట్టింది. పైపెదవి నడుమకు చీలి ఉంది. ఊళ్లో దాన్ని గ్రహణం మొర్రి అంటారు. ఏడాది నిండకముందే హైదరాబాదులో కుట్లు వేశారు. పెదవి కలిసింది, సన్నటి గీత మిగిలింది. జమున ఎంత మాటకారి అంటే, ఆ కుట్టు ఎక్కడో తప్పు పడి నోరు మూతపడకుండా పోయిందని తండ్రే ఆటపట్టించేవాడు. హన్మవ్వ తీర్పు మాత్రం నలభై ఏళ్లూ మారలేదు. "కోడలు కత్తి పట్టింది, పిల్ల మూతి తెగింది." కోపంగా అనేది కాదు. ఈసారి వానలు తక్కువ అన్నంత మామూలుగా, వచ్చిన చుట్టానికల్లా చెప్పేది.

చెరకు ఎవరు తెచ్చారో గంగామణి ఎవరికీ చెప్పలేదు. చెప్తే తిట్లు తినేవాళ్లు ఒకరికి ఇద్దరవుతారు, అంతే కదా. కానీ అత్త మాట కంటే ఆమెను ఎక్కువ తిన్నది ఇంకొకటి. నిజంగానే నా చెయ్యేనేమో. కూతురు నిద్రపోతుంటే ఆ గీత మీద వేలు పెట్టి, నిజమేనా అని ఎన్నిసార్లు తనను తాను అడుక్కుందో లెక్కలేదు.

ధనుంజయ్ పెద్ద చదువులు చదివి కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరర్ అయ్యాడు. ఆఖరి పదేళ్లు కాలేజీ వెనుక రేకుల షెడ్డును ల్యాబు చేసుకుని, ఆఫ్రికా కప్పలను పెంచాడు. ఒకనాడు వదినను తీసుకుపోయి చూపించాడు. తొట్టెల్లో బోర్లా తేలుతున్నాయి, నున్నగా, కాళ్లకు గోళ్లతో.

"గివన్ని ఆడ కప్పలే. వీటికి నాలుక ఉండది వదినా."

"నాలుక లేని ఆడజీవం గూడ ఉంటదా! ఈ ముచ్చట మీ అవ్వకు చెప్పకు, నమ్మది."

ఆవగింజంత గుడ్లు, వెంట్రుక కంటే సన్నటి గాజు సూది. సూదిలో ఏముందని ఆమె అడిగింది.

"ఇద్దరున్నరు. తోవ చూపెటోడు ఒకడు, కత్తెర పట్టినోడు ఒకడు. ప్రతి గుడ్డుల ఒక పొడుగు రాత ఉంటది, పిల్ల ఎట్ల తయారు గావాల్నో చెప్పే రాత. తోవ చూపెటోడు గా రాతల నేను చెప్పిన మాట కాడికి తీస్కపోతడు. కత్తెరోడు గాడ కత్తిరిస్తడు. గా మాట పోయినంక పిల్లకు ఏం తక్కువ పడ్డదో సూస్తే, అది ఏం పని చేస్తుండెనో తెలుస్తది."

"అంటే, పప్పుల ఉప్పెయ్యకుంటే ఉప్పు సంగతి తెలిసినట్టు."

ధనుంజయ్ సూది పక్కన పెట్టి దండం పెట్టాడు. "గీ ముక్క మా పిలగాండ్లకు ఆర్నెల్లసంది చెప్తున్న వదినా!"

"మరి ఈ గుడ్లను గూడ సగం ఒదిలిపెడ్తవా?"

"అరే, ఒదలకుంటెట్ల! గుడ్డు గంటన్నరకు రెండు ముక్కలైతది. ఒకటి కుడి దిక్కు అయితది, ఒకటి ఎడమ దిక్కు అయితది. నేను ఒక్కదాన్లనే గుచ్చుత. రెండోది ముట్ట."

భూతద్దం గొట్టంలో చూస్తే ఒక కప్పపిల్ల. ఒక కన్ను కాటుక నలుపు, రెండో కన్ను రంగే లేకుండా తెల్లగా. రంగు మాటను ఒక పక్కనే కత్తిరించాడట. అచ్చం మరిది మీసమే. గంగామణికి నవ్వు ఆగలేదు.

"పాపం, దీనికి దిష్టి ఏ దిక్కు తియ్యాలె!"

నవ్వుతూనే పక్క పళ్లెంలోకి చూసింది. అక్కడి పిల్లలకు ఒక పక్క నోరు సరిగ్గా ఉంది, రెండో పక్క చీలి ఉంది. ఆమె నవ్వు ఆగింది. ధనుంజయ్ మెల్లగా పళ్లెం మీద మూత పెట్టాడు.

"ఇంక తేలలే వదినా. తేలినంక చెప్త."

లోకంలో ఇన్ని మాటలుండగా నోటిని తయారుచేసే ఈ మాటే ఎందుకు పట్టుకున్నాడని ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆటోలో ఇంటిదాకా ఇద్దరూ బజారు చూస్తూ వచ్చారు.

లాక్‌డౌన్ పెట్టిన ఏడాది, జూన్‌లో ఆదివారం నాడు మళ్లీ సూర్యగ్రహణం పడింది. కాలేజీకి తాళం. ఇంట్లో ఖాళీగా కూర్చున్న ధనుంజయ్ ఆ ముందురోజు బోధన్ దిక్కు పోయి, తొలకరికి పొలం కాలువలో కప్పలు పెట్టిన గుడ్లను బకెట్లో తెచ్చాడు. మన ఊరి కప్పలవే, కత్తెర ముట్టనివి. ఎనభై ఏళ్ల హన్మవ్వ ముందు రెండు ప్లాస్టిక్ తొట్లు పెట్టాడు.

"అవ్వా, ఒక తొట్టి నీది, ఒక తొట్టి వదినది. నూరు గుడ్లు గిటు, నూరు గుడ్లు గటు. నీ తొట్టిని గ్రహణం ముట్టకుంట కడుపుతోని ఉన్న కోడల్ని చూసుకున్నట్టు చూసుకో. వదిన తొట్టి ఇంటి పైన మాడి మీద ఎండల ఉంటది. దాని పక్కన కూసోని వదిన చెరకు కోస్తది."

"చెరకా?" అంది గంగామణి. "నేను కొయ్య. ఇంకేదన్న చెప్పు, చేస్త."

"నువ్వే కొయ్యాలె వదినా. నా కోసం."

నలభై ఏళ్ల కింద అడిగినట్టే అడిగాడు. ఆమె కాదనలేకపోయింది.

హన్మవ్వకు మాత్రం హుషారు పుట్టింది. తన తొట్టిని చీకటి అర్రలోకి తీసుకుపోయి, మీద దర్భ వేసి, గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. నర్సింలు మంచినీళ్లకు పోబోతే, "ఆగు! లోపల నూరుమంది కడుపుతోని ఉన్నరు" అని కసిరింది. మాడి మీద గంగామణి నెత్తిన తువ్వాలు వేసుకుని కణుపు వెనుక కణుపు కోసింది. మొదటి కణుపుకు ముందు మెట్ల వైపు ఒకసారి చూసింది. పదో కణుపుకు చెమట పట్టింది. గ్రహణం విడిచేసరికి ఆమె ముందు గుట్ట పడింది. పక్కింటి రంజిత్ పిట్టగోడ మీంచి తొంగి చూసి, "ఏం పెద్దమ్మా, రసం బండి పెడ్తున్నరా?" అన్నాడు.

ఎనిమిది రోజులు ఇల్లంతా ఆ తొట్ల చుట్టే తిరిగింది. గుడ్లు తోకలయ్యాయి, తోకలకు నోళ్లు వచ్చాయి. తొమ్మిదో నాడు ధనుంజయ్ భూతద్దం పట్టుకుని ఒక్కో పిల్లను చెంచాతో ఎత్తి చూశాడు. మాడి మీది తొట్టిలో ఒక్కటీ పోలేదు, ఒక్క నోరూ చీలలేదు. హన్మవ్వ తొట్టిలోనూ నోళ్లన్నీ బాగున్నాయి, కానీ పన్నెండు పిల్లలు చచ్చిపోయాయి.

"అవ్వా, నీళ్లల్ల ఏమన్న ఏసినవా?"

"ఏమెయ్యలే."

"అవ్వా."

"జెరంత కుంకుమ. ఇంత పసుపు. సల్లగుండాలె గదా అని."

ధనుంజయ్ నవ్వకుండా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు: ఎక్కువ కాపాడితే పన్నెండు. హన్మవ్వ తన తొట్టి నీళ్లలోకి వంగి చూసింది.

"మరి జమున మూతి ఎందుకు తెగెరా?"

"లోపలి రాతల ఏదో మాట తప్పు పడ్డదవ్వా. ల్యాబుల నేను అసొంటి మాటను కత్తిరిస్తే కప్పపిల్ల నోరు గట్లనే చీలుతది. గ్రహణం లేదు, కత్తిపీట లేదు."

"గా తప్పు మాట ఎవల దిక్కుదిరా? దాని తల్లిగారి దిక్కుదా?"

"నీ దిక్కుది గూడ కావచ్చు! ఎవల దిక్కుదీ గాకుంట ఉత్తగనే పడొచ్చు. అసొంటి మాటలు మస్తున్నయి, అన్ని నాకూ ఎరుక లేదు. వదిన చెయ్యి మాత్రం దాంట్ల లేదు." భూతద్దం కింద పెట్టాడు. "ఇంకోటి అవ్వా. ఆ దినం చెరకు తెచ్చింది నేను. కొయ్యమని అడిగింది నేను."

"నాకెరుక లేదారా? తెల్లారి పెంటకుప్ప మీద చెరకు పిప్పి దొరికింది. దాంట్ల నీ పన్ను దొరికింది."

ముందుగా నోరు తెరిచింది నర్సింలు. "మరి నలభై ఏండ్లు దీన్ని ఎందుకంటివే?"

"వాన్నంటే రోషగాడు, ఇల్లిడిసి పోతుండె. కోడలు యాడికి పోతది?"

చెప్పిన తర్వాత ఆ మాట తనకే బాగా వినిపించినట్టుంది. హన్మవ్వ తలెత్తి కోడలి వైపు చూసింది. చూపు దించుకుంది. అలవాటు కొద్దీ, "ఓ పిల్లా, ఇంత చాయ్ పెట్టు" అంది. గంగామణి లేవబోయింది. ముసలావిడ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"కాదు. నువ్వు కూసో. నేను పెడ్త."

నడుము పట్టుకుని లోపలికి పోయి, పావుగంట గిన్నెలతో కుస్తీ పట్టి, ఒక గ్లాసు తెచ్చి కోడలి చేతికిచ్చింది. బోధన్ ఫ్యాక్టరీ ఒక సీజను ఆడినంత చక్కెర వేసింది దాంట్లో. గంగామణి అడుగుదాకా తాగింది. ఆ తర్వాత హన్మవ్వ బతికిన రెండేళ్లలో ఏ చుట్టం వచ్చినా, కోడలి కత్తి ముచ్చట రాలేదు. దాని బదులు కొడుకు పన్ను ముచ్చట చెప్పేది.

ఆ సాయంత్రం కప్పపిల్లలను తిరిగి కాలువలో వదలడానికి వదినా మరిదీ బకెట్లు పట్టుకుని బోధన్ దిక్కు పోయారు. కాలువ గట్టున గంగామణి అడిగింది.

"నిజం చెప్పు ధనుంజయ్. ఈ సగం పిచ్చి నీకు ఎప్పటి సంది?"

ఆయన బకెట్ వంచుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"జమున పుట్టినప్పటి సంది వదినా. నిన్ను అవ్వ అంటుంటే రోజూ అనుకుంటుంటి. ఆ దినం నేను అడగలే, నువ్వు కొయ్యలే అనుకో. అసొంటి జమున ఇంకొకతి ఉంటే, ఇద్దర్ని పక్కపక్కన పెట్టి మా అవ్వకు చూపిస్తుంటి. లేకపాయె. ఉన్నది ఒక్కతే. ఎట్ల చూపియ్యాలె? అప్పటిసంది ఏదైనా మొత్తం ముట్టాలంటే నాకు భయమైతది."

గంగామణి నీళ్లలోకి పోతున్న తోకలను చూస్తూ నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, అంతలోనే ఒక అనుమానం వచ్చింది.

"మీసం సంగతేంది మరి? అది గూడ నా కోసమేనా?"

"అది కాదు. డబ్బాల రంగు అయిపోయింది."

ఇద్దరూ నవ్విన నవ్వుకు గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

మొన్న కాముని పున్నమికి చంద్రగ్రహణం పట్టింది. జమున కూతురు సంజన ఆ వారమే అమ్మమ్మ ఇంటికి వచ్చి ఉంది. మూడో నెల. పొద్దటి నుంచి సంజన అత్తగారు నాలుగుసార్లు ఫోన్ చేసింది, పిల్లను లోపలే ఉంచమని. సంజన ఫోన్ పెట్టేసి గంగామణి వైపు చూసింది.

"అమ్మమ్మా, నేను లోపల్నే కూసోవాల్నా?"

"భయమైతే కూసో బిడ్డా. కాకుంటే మాడి మీదికి పోయి సూడు. ఏం గాదు."

"పక్కానా?"

"నూరు పిల్లల నోళ్లు సూసి చెప్తున్న."

సంజన మాడి ఎక్కింది. చంద్రుడు ఒక అంచు కొరికినట్టుగా లేచి, ఏడు కాకముందే నిండుగా తేరుకున్నాడు. ఆమె దిగి వచ్చి, నడిమి అర్రలో మంచం మీద కాళ్లు చాపుకుని, జామకాయ కొరుకుతూ ఫోన్ చూసుకుంటోంది.

గ్రహణం విడిచాక ఇల్లు కడగడం ఆ ఇంట్లో హన్మవ్వ నాటి ఆనవాయితీ. గంగామణి కొంగు దోపుకుని, బకెట్లో ఇంత పసుపు కలిపి, చీపురు పట్టుకుంది. అరుగు కడిగింది, ముందు గది కడిగింది, వంటిల్లు మూలమూలా కడిగింది. నడిమి అర్ర గడప దాకా వచ్చి ఆగింది. లోపల సంజన దేనికో తనలో తాను నవ్వుకుంటోంది. గంగామణి అక్కడ్నించే వెనక్కు తిరిగింది.

నర్సింలు తడి నేల మీద కాలు జారకుండా గోడ పట్టుకుని నిలబడ్డాడు. "ఏమే, గా అర్ర ఉండిపాయె గదా?"

"ఉండనియ్యి. ముట్టనిది ఒకటి ఉండాలె."

"నీళ్లున్నయి గదా ఇంక?"

గంగామణి మిగిలిన నీళ్లు మొక్కల్లో పోసి, బకెట్ బోర్లించి, చీపురు గోడకు ఆనించి వచ్చి కూర్చుంది.